సవరణ: కార్సన్ సిటీ డాలర్లలో అరుదైనది 1885 కాదు

అమెరికాలో నెవాడాలోని కార్సన్ సిటీ టంకశాల కొట్టిన మోర్గాన్ వెండి డాలర్ల (రూపొందించినవాడి పేరుతో పిలిచే పాత నాణేలు) గురించి పోయినవారం రాస్తూ, "1885 నాణెం అన్నిటికంటే అరుదు, ఎందుకంటే ఆ ఏడు తక్కువ ముద్రించారు" అన్నాను. తప్పు నాదే. ముద్రణ తక్కువన్న మాట నిజమే: 2,28,000. 1889లో 3,50,000 కొట్టారు. కానీ దొరకడం కష్టమైనది 1889దే.

ముద్రించినవెన్ని అని చూశాను గానీ, మిగిలినవెన్ని అని చూడలేదు. 1885 నాణేల్లో సగానికి పైగా ఖజానా సంచుల్లోనే పడున్నాయి. 1972 నుంచి 1980 దాకా అమెరికా ప్రభుత్వం అలాంటి పాత నిల్వను జనానికి అమ్మినప్పుడు దాదాపు 1,48,000 బయటికొచ్చాయి. ఆ నిల్వలో 1889ది ఒకే ఒక్కటి! 1918 పిట్‌మన్ చట్టం కింద 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించారు. 1889వి చాలావరకు అలాగే పోయి ఉంటాయని సేకర్తల అనుమానం.

ఇంకొకటి. 'సీసీ' గుర్తు (CC, కార్సన్ సిటీ పొడి అక్షరాలు) సంవత్సరం కింద ఉంటుందని రాశాను. కాదు, నాణెం తిప్పి చూడాలి. గద్ద బొమ్మ కింద, రిబ్బను ముడికీ 'డాలర్' అన్న అక్షరాలకూ మధ్య ఉంటుంది. ఆ గుర్తు లేని మామూలు నాణేనికి 'సీసీ' అక్షరాలు అతికించి అమ్మేవాళ్లున్నారు, అందుకే 1889 కొనేముందు అక్కడ లెన్సు పెట్టి చూడండి.

నాణెం బరువు 26.73 గ్రాములని రాసింది మాత్రం సరే. అందులో వెండి 90 శాతమే, మిగతాది రాగి.