ఖాళీ కుర్చీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఖాళీ కుర్చీ గారికి,

బెంగళూరులో ఒకానొక సర్కారీ ఆఫీసులో, కిటికీ పక్కన కొలువుదీరిన తమకు ఖాతా ట్రాన్స్‌ఫర్ (ఆస్తి పన్ను రికార్డులో పేరు మార్పు) అర్జీదారు నమస్కరించి రాయునది. తమరు కుశలమే అయి ఉంటారు, ఫ్యాను కిందే ఉన్నారు గదా.

తమ బంధువర్గం పెద్దది. కర్ణాటక ప్రభుత్వంలో రెండున్నర లక్షల పైచిలుకు పోస్టులు మీవాళ్లవే. నింపుదామని చూసినా చిక్కరు. 545 ఎస్సై పోస్టులకు 2021లో పరీక్ష పెడితే, అక్రమాలు బయటపడి 2022లో రద్దయింది. మళ్లీ పరీక్ష రాయించేసరికి 2024 వచ్చింది.

సర్కారీ సేవలు గడువులోగా అందించాలనే కర్ణాటక సకాల చట్టం మీద మాకు భలే ఆశ ఉండేది. 2011లో చేశారు. గడువు దాటితే రోజుకు 20 రూపాయలు, ఎక్కువలో ఎక్కువ 500, ఆలస్యం చేసిన ఉద్యోగి నుంచి అర్జీదారుకు ఇప్పించాలి. మరి తమకు జీతమేదీ, కోయడానికి? తమరి తరఫున ఇన్‌చార్జి చూస్తున్న పక్క సీటాయనది పలమనేరు. ఊరి కబుర్లయితే "ఏమన్నా, బాగుండావా" అంటాడు. ఫైలు మాటెత్తితే "అది నా సీటు కాదు సార్" అంటాడు. పాపం, ఆయన సొంత సీటు పనే గుట్టగా ఉంది.

ఉద్యోగులకు నైపుణ్యం నేర్పాలని కేంద్రం 2020లో మిషన్ కర్మయోగి తెచ్చింది. కోర్సులు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే. తమరికి శిక్షణెందుకు లెండి? ఫలం మీద ఆశ లేదు, కర్మ మీద అసలే లేదు. ఇంతకు మించిన యోగి ఎవరు!

ఇక్కడి అసెంబ్లీ భవనం విధానసౌధ నుదుట "సర్కారు పని దేవుడి పని" అని కన్నడంలో ఉంటుంది. ఆ సౌధం కట్టించిన కెంగల్ హనుమంతయ్య తర్వాత దేశపు మొదటి పరిపాలనా సంస్కరణల సంఘానికి అధ్యక్షులయ్యారు. 2005లో వేసిన రెండో సంఘానికి వీరప్ప మొయిలీ. ఇద్దరూ ఇక్కడ ముఖ్యమంత్రులుగా చేసినవారే. రెండో సంఘం ఒక్కటే 15 నివేదికలిచ్చింది. వాటిని అమలుచేయాల్సిన సీట్లలో తమ చుట్టాలెందరో!

నాది ఒకటే మనవి. రేపెవరైనా తమ మీద కూర్చుంటే రెండేళ్లయినా కదలనీయకండి. ఫైలు చదవడం వంటబట్టేలోగా బదిలీ ఆర్డరు తెప్పించకండి.

సకాల రసీదు నకలు జతపరిచాను. టప్పాలు సెక్షన్‌లో ఇద్దామంటే అక్కడా తమ తమ్ముడుగారే ఉన్నారు. అందుకని తమ ఒళ్లోనే పెట్టి పోతున్నాను.

ఇట్లు,
అర్జీదారు