ఎట్లైనా కోసి తీసుడేనంట!

"గంతగనం నడుసుడెందుకు బిడ్డా, ఎట్లైనా కోసి తీసుడే కదా."

ఇప్పుడే లిఫ్ట్ దగ్గర నాలుగో అంతస్తు ఆంటీ విసిరిన ఆణిముత్యం ఇది. చేతిలో కూరగాయల సంచి, ముఖంలో నా మీద బోలెడంత జాలి. ఎనిమిదో నెల పొట్టేసుకుని సెల్లార్‌లో కార్ల మధ్య చక్కర్లు కొడుతున్నదాన్ని ఆపి మరీ చెప్పింది. నవ్వి ఊరుకున్నాను. పెద్దావిడ, పైగా మొన్ననే పచ్చిపులుసు చేసి పంపింది. కానీ పైకొచ్చాక ఒళ్ళు మండిపోయి మంచినీళ్ళు కూడా తాగకుండా ఇది టైప్ చేస్తున్నాను. అచ్చుతప్పులుంటే సర్దుకోండి.

ఇంకా మంట దేనికంటే, లెక్కల ప్రకారం ఆవిడ మాటే కరెక్టు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో నూటికి 60కి పైగా ఆపరేషన్లే. దేశంలోనే ఫస్టు ర్యాంకు, స్వీట్లు పంచుకుందాం. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81. దేశం మొత్తం మీద చూస్తే 21. అంటే ఆదిలాబాద్ దాటి మహారాష్ట్రలో అడుగుపెట్టగానే ఆడవాళ్ళ కటి ఎముకలు వెడల్పైపోయి, తిరిగి ఇటు రాగానే ఇరుకైపోతాయన్నమాట. నీళ్ళ తేడా అయ్యుంటుంది లెండి.

సరే, నడవొద్దనేది ఒక బ్యాచ్. వీళ్ళ లెక్కలో గర్భిణి అంటే సోఫాలో కూర్చోబెట్టి ఇద్దరి తిండి పెట్టాల్సిన మనిషి. గ్లాసు కూడా ఎత్తకూడదు. రెండో బ్యాచ్ ఉంది చూడండి, వాళ్ళతో ఇంకా కష్టం. "వంగి ఇల్లు తుడువు, నార్మల్ అయితది." ఈ మాట మా అత్తమ్మ అంది, తోడికోడలు అంది, ఫోన్ చేసి మరీ ఆడబిడ్డ కూడా అంది. చేతులూ మోకాళ్ళ మీద వంగితే పొట్ట బరువు ముందుకు వాలి నడుముకి హాయిగా ఉంటుంది, కాదనను. దానికి యోగా వాళ్ళు మార్జాలాసనం అని పేరు కూడా పెట్టారు. చాప పరుచుకుని చేసుకుంటాను. మధ్యలో తడిగుడ్డ ఎందుకు? గచ్చుకీ గర్భసంచికీ ఏం చుట్టరికం? ఒళ్ళు వంగడమే కావాలంటే ఇంట్లో ఇంకా నలుగురున్నారు, వాళ్ళవీ ఒళ్ళే.

"మా కాలంల నాట్లేసుకుంట కన్నం" అని ఇంకో పాట. మా అమ్మమ్మ నిజంగానే నాట్లేస్తూ నొప్పులొచ్చి ఇంటికొచ్చి కన్నది. తొమ్మిది మందిని. బతికి బట్టకట్టింది ఐదుగురు. పాట పాడేవాళ్ళు రెండో చరణం ఎప్పుడూ మింగేస్తారు.

పోనీ ఇంట్లోవాళ్ళకి తెలియదు, డాక్టరుకి తెలుసు కదా అని పోయిన చెకప్‌లో అడిగాను. గంటల తరబడి కుర్చీలో కూర్చుని, లోపలికెళ్ళి, బీపీ, బరువు, స్కానింగ్ కాగితం, ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు, ఏదో ప్రోటీన్ పొడి, అన్నీ అయ్యాక గొంతు సవరించుకుని "నార్మల్ డెలివరీకి ఒళ్ళు సిద్ధం చేసుకోవాలంటే ఏమేం చేయాలి మేడమ్" అన్నాను. "నడవమ్మా" అంది. ఎంత, ఎలా, నడక ఒక్కటేనా అని నోరు తెరిచేలోపే తలుపు దగ్గర సిస్టర్ తర్వాతి పేరు పిలిచింది. ఆ పేరుగల అమ్మాయి అప్పటికే లోపలికొచ్చి నా పక్కన నిలబడింది. కన్సల్టేషన్ ఫీజుని మాటలతో భాగిస్తే ఒక్కో అక్షరం ఎంత పడిందో మీరే వేసుకోండి.

మా చిన్నమ్మ కూతురు ఫిజియోథెరపిస్టు కాబట్టి నేను బతికిపోయాను. అదే నాకు వీడియో కాల్‌లో అన్నీ నేర్పింది. మామూలుగా ఉన్న గర్భిణులు వారానికి 150 నిమిషాలు ఒంటికి పని చెప్పాలట. ఊపిరి వేగం పెరగాలి గానీ మాట్లాడలేనంతగా ఆయాసం రాకూడదు. గోడకి ఆనుకునో, కిటికీ ఊచ పట్టుకునో గొంతుక్కూర్చుని లేవడం. (మన పాత మరుగుదొడ్లు రోజూ ఊరికే చేయించేవి ఈ పని. ఇప్పుడు అన్ని ఇళ్ళలోనూ కమోడ్‌లే, తిండి డైనింగ్ టేబుల్ మీద, ఇక నేల మీద కూర్చునేది ఒక్క సత్యనారాయణ వ్రతం నాడు. అప్పుడూ పంతులుగారు కుర్చీ తెమ్మంటున్నారు.) పెద్ద బంతి మీద కూర్చుని నడుము గుండ్రంగా తిప్పడం. మూత్రం ఆపుకునేటప్పుడు బిగిసే కండరాలు ఉంటాయి కదా, వాటిని బిగించి వదలడం. అందరూ బిగించడమే చెబుతారు గానీ బిడ్డ బయటికొచ్చేటప్పుడు కావలసింది వదలడం, అది కూడా నేర్చుకోవాలి అంది. మాయ కిందికి ఉన్నవాళ్ళు, రక్తం కనబడ్డవాళ్ళు, డాక్టరు ప్రత్యేకంగా వద్దన్నవాళ్ళు మాత్రం నా పోస్టు చూసి ఏదీ మొదలుపెట్టకండి తల్లీ. నెయ్యి తాగితే బిడ్డ జారిపోతుందని గ్లాసు పట్టుకొచ్చేవాళ్ళకి దండం పెట్టండి. నెయ్యి వెళ్ళేది పేగుల్లోకి. ఆముదం తెచ్చేవాళ్ళని గడప దాటనివ్వకండి.

ఇంకోటి ఉంది. ఇది ఇక్కడ రాస్తే రేపు మా పెద్దనాన్న గ్రూపులో ఏం పెడతాడో తెలియదు గానీ రాస్తాను. 34వ వారం దాటాక యోనిద్వారం కింది భాగాన్ని నూనెతో మసాజ్ చేసుకోవచ్చు. గోళ్ళు తీసేసి, చేతులు శుభ్రంగా కడుక్కుని, బొటనవేళ్ళు కొంచెం లోపలికి పెట్టి కిందికీ పక్కలకీ నెమ్మదిగా సాగదీయాలి. వారానికి ఒకటి రెండుసార్లు చాలు. తొలి కాన్పు వాళ్ళకి కోతలు, కుట్లు పడే అవకాశం తగ్గుతుంది. ఇన్ఫెక్షన్ ఉన్నా, ఉమ్మనీరు పోయినా చేయకూడదు. ఇంతే. ఇందులో బూతు ఏముంది? క్లినిక్‌లో సిస్టర్‌ని అడిగితే పక్క సిస్టర్ వైపు చూసి నవ్వింది. అక్కడ కత్తెర పెట్టి కోసేటప్పుడు ఎవరికీ సిగ్గు ఉండదు గానీ కోయకుండా ఉండే దారి అడిగితే మాత్రం సిగ్గు.

ఇంతా చేసి లేబర్ రూముకి వెళ్ళాక జరిగేదేంటో విన్నారా? వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు పైకి కట్టి, చేతికి సెలైన్, పొట్టకి బెల్టు. లేవొద్దు, నడవొద్దు, అరవొద్దు. నెలల తరబడి గొంతుక్కూర్చుని కండరాలు సాధన చేసింది ఇందుకా! వెల్లకిలా పడుకుంటే పొట్ట బరువు పెద్ద రక్తనాళం మీద పడుతుంది, బిడ్డ బరువు కిందికి దిగడానికి సాయపడదు. తల్లికి ఏ భంగిమ నచ్చితే అందులో కననివ్వండి, తోడుగా తను కోరిన మనిషిని ఉండనివ్వండి, యోనిద్వారం దగ్గర కోత అందరికీ పెట్టకండి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. తొలి కాన్పులో నొప్పులు ఊపందుకున్నాక కూడా 12 గంటల దాకా పట్టొచ్చనీ చెప్పింది. మనవాళ్ళకి అంత ఓపికెక్కడిది? సాయంత్రమయ్యేసరికి బయటికొచ్చి "మెడకి పేగు చుట్టుకుంది" అంటారు. ఇక ఎవరూ మాట్లాడరు. మెడకి పేగు ప్రతి నాలుగైదు కాన్పుల్లో ఒకదాంట్లో ఉండేదే, వాళ్ళలో చాలామంది పిల్లలు శుభ్రంగా బయటికొస్తారు. కానీ ఆ మాటకి మా కుటుంబాల్లో సుప్రీంకోర్టు తీర్పుకున్నంత విలువ.

ఆపరేషన్ అయినవాళ్ళని నేనేమీ అనడం లేదు, స్క్రీన్‌షాట్లు తీసేవాళ్ళు గమనించగలరు. అవసరమైతే నేనూ మారుమాట్లాడకుండా సంతకం పెడతాను. మా అక్కకీ అయింది. అసలు నా కడుపుమంట అంతా అక్కడిది.

అక్క చేయని వ్యాయామం లేదు. కరీంనగర్‌లో మా వీధి మొత్తానికి తెలుసు, పొద్దున్నే చెప్పులేసుకుని నడిచేది. బిడ్డ తల కిందికే ఉంది, బీపీ లేదు, షుగర్ లేదు. ఒక రోజు వాళ్ళ మామగారు పంచాంగం పట్టుకుని దిగాడు. మూల నక్షత్రం తగలకముందే తీయాలంట. నెలలు నిండాయా లేదా అని ఎవరూ అడగలేదు. ఆసుపత్రివాళ్ళు డైరీ తెరిచి "ఆ టైముకి థియేటర్ ఖాళీయే" అన్నారు. అక్క నోరు తెరిచింది, "నీకేం తెలుసు" అన్నారు. తొందరపడి తీసిన పిల్లాడికి ఊపిరి సరిగ్గా అందక బాక్సులో పెట్టారు. ఆ బాక్సుకి రోజుకింత అని వేరే బిల్లు.

బిల్లు ఎవరు కట్టారు? మా నాన్న. తొలి కాన్పు పుట్టింటిది కదా! ముహూర్తం మాత్రం అత్తింటిది. మా నాన్న చీటీ పాడి తెచ్చిన డబ్బు కౌంటర్‌లో లెక్కపెడుతుంటే ఆ మామగారు వరండాలో జాతకచక్రం గీయించుకుంటున్నాడు. పైగా ఇరవయ్యొకటో రోజున గొలుసు సన్నగా ఉందని మూతి ముడిచారు. అంత గొప్ప ఘడియలో పుట్టిన జాతకుడు ఇప్పుడు ఒకటో తరగతిలో పెన్సిళ్ళు నములుతున్నాడు. మేనల్లుడు, బంగారం, వాడినేమీ అనను. ముహూర్తం పెట్టినాయన్ని మాత్రం ప్రతి పండక్కీ చూసి నమస్కారం పెట్టాలి.

నాకు ఆ బాధ లేదు, మా అత్తమ్మకి జాతకాల పిచ్చి లేదు, తడిగుడ్డ పిచ్చి ఒక్కటే. నేను మాత్రం 2017 నుంచి మన ప్రభుత్వం శిక్షణ ఇస్తున్న మిడ్‌వైఫ్‌లు (కాన్పులు చేయడంలో ప్రత్యేకంగా తర్ఫీదైన నర్సులు) ఉన్నచోటే కనాలని పట్టుబట్టాను. "సర్కారు దవాఖానలోనా!" అని చుట్టాలు గుండె పట్టుకున్నారు. అదే సర్వేలో అక్కడ ఆపరేషన్లు నూటికి 44, ప్రైవేటులో 81. అవీ ఎక్కువే, కానీ డబ్బు పెరిగే కొద్దీ కోత పెరిగే చోటుకి వెళ్ళి ఏసీలో పడుకోమని నాకెందుకు చెబుతారు?

తోడుగా లోపలికి మా ఆయన వస్తానన్నాడు. నొప్పులప్పుడు నడుము కింద అరచేత్తో గట్టిగా నొక్కితే ఉపశమనం ఉంటుందని చెల్లి చెబితే నిన్నటి నుంచి నేర్పిస్తున్నాను. రెండు నిమిషాలు నొక్కాడో లేదో చెయ్యి నొప్పెడుతోందంట. నొప్పి అంట, నాతో చెబుతున్నాడు.