నల్లకారం మీటింగు

ఉద్యోగం మానేసి కన్సల్టెంట్ అయితే బాసు ఉండడని జనం అనుకుంటారు. ఉండకేం, క్లయింటుకొకడు ఉంటాడు. పీఎఫ్ కట్టేవాడే ఉండడు. సుఖం మాత్రం లేకపోలేదు. పొద్దున్నే బస్సు పట్టుకుని విజయవాడ పరిగెత్తక్కర్లేదు. లుంగీ మీదకి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే ఆఫీసే. కాకపోతే ఇంట్లో ఉన్నవాడు ఖాళీగా ఉన్నట్టే లెక్క. గ్యాస్ బండ దించుకోవడం, మోటారు కట్టడం, పక్కింటివాళ్ల కొరియర్ తీసుకోవడం, అన్నీ మనమే.

మాది గుంటూరు బ్రాడీపేటలో మేడమీద వాటా. కింద ఓనరు పిన్నిగారు ఉంటారు. మొన్న వేసవిలో ఒక హైదరాబాద్ కంపెనీతో వీడియో కాల్. వాళ్ల గోడౌన్ల స్టాకు లెక్కలు సరిచేసే పని. నా పని మీద వాళ్లకు అనుమానమేం లేదు, ఉన్నదల్లా రేటు మీదే. "మరీ ఎక్కువండీ, కాస్త చూసి చెప్పండి" అని మేనేజరు గారు మొదలుపెట్టిన ముహూర్తానికే, కింద పిన్నిగారు నల్లకారానికి ఎండుమిర్చి వేయించడం మొదలుపెట్టారు.

ఆసియాలోకెల్లా పెద్దదని మేం చెప్పుకునే మిర్చి యార్డు ఉన్న ఊరు మాది. పైగా అవి తేజ కాయలు. "మా ఖర్చులు కూడా..." అనబోయానో లేదో, ఘాటు గొంతులో దిగింది. ఇక మాట లేదు. కళ్ల వెంట ధారలు. కెమెరా కట్టేద్దామంటే ఆ బటన్ కనబడితేగా! పక్కగదిలో మా ఆవిడ తుమ్ములు, దగ్గులు, పిల్లాడి ఏడుపు.

అవతల కాసేపు చప్పుడు లేదు.

"అయ్యో, అంత బాధపడకండి సార్. మీరు అడిగినంతే ఇద్దాం."

"లేదండీ, మిర..." అన్నాను. వాళ్లకు 'లేదండీ' వరకే వినబడింది.

"పోనీ, ఇంకో ఐదు వేలు కలుపుదాం. ఇంట్లోవాళ్లకి ధైర్యం చెప్పండి."

పని పూర్తయింది, బిల్లు వెళ్లింది. అందులో 10 శాతం టీడీఎస్ కింద, అంటే ఆదాయపు పన్ను కోసం ముందే పట్టుకుంటారు. రిటర్ను వేస్తే ఎక్కువైంది తిరిగి వస్తుందిలే అంటాడు మా ఆడిటరు. ఈలోపు ఇంటద్దె ఆగుతుందా? మిగతాదైనా రావాలి కదా. చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న నాలాంటివాళ్లకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలో ఉంది. ఆ మాట గుర్తు చేద్దామని ఫోన్ చేస్తే, అకౌంట్స్‌లో అమ్మాయి "ఇంట్లో ఇప్పుడెలా ఉందండీ?" అని ఎంతో జాలిగా అడుగుతుంది. డబ్బు సంగతి మాత్రం ఎత్తదు.

ఈ శుక్రవారం ఇంకో కంపెనీతో రేటు మాట్లాడాలి. మా ఆవిడే చెప్పి ఉంటుంది, పొద్దున పిన్నిగారు మెట్ల దగ్గర ఆపారు.

"మీటింగు ఎన్నింటికి నాయనా? ఈసారి రెండు కేజీలు వేయిస్తాలే. కాయలు మాత్రం నువ్వే తేవాలి."