కూపు బాటకు తాళం ఎవరు వేస్తారు?

శని, ఆదివారాలు వస్తే చాలు, చెన్నై, బెంగళూరు నంబర్ల జీపులు, బుల్లెట్లు తలకోన, నాగలాపురం వైపు వరస కడుతున్నాయి. జలపాతం చూసి వెళ్లేవారితో పేచీ లేదు. చెక్‌పోస్టులో టికెట్ తీసుకుని తారు రోడ్డు మీదే తిరిగేవారితోనూ లేదు. బురదలో టైరు గిర్రున తిరిగితేనే మజా అనుకునేవారికి మాత్రం అడవి లోపల బాట కావాలి. కూపులో, అంటే కోతకు గుర్తించిన అడవి ముక్కలో, ఎప్పుడో కలప లారీ కోసం వేసిన బాట అక్కడ సిద్ధంగా ఉంటుంది.

అడవిలో కర్ర కొట్టాలా, బండ్లు తిప్పాలా అని వాదించుకోవడం దండగ. రెండింటికీ కావలసింది ఆ బాటే. జామాయిల్ తోట కోతకొస్తే పొక్లెయిన్‌తో తుప్పలు తోసి లారీకి దారి చేస్తారు. కర్ర వెళ్లిపోతుంది, కాంట్రాక్టరు వెళ్లిపోతాడు, బాట మాత్రం అలాగే పడి ఉంటుంది. పగలు బైకు దూరే చోట రాత్రి ఎర్రచందనం దుంగల బండి దూరదని పూచీ పడేదెవరు?

అమెరికా జాతీయ అడవుల్లో ఈ తగువు మనకంటే చాలా ముందే ముదిరింది. కలప, నీరు, మేత, వన్యప్రాణులు, విహారం అన్నీ ఒకే అడవిలో సాగాలని అక్కడ 1960లోనే చట్టం చేశారు. కలప కోసం వేసినవే ఎక్కువగా, వాళ్ల అటవీ రోడ్లు దాదాపు 6 లక్షల కిలోమీటర్లకు చేరాయి. మోటారు బండ్లు వాటి మీద పడ్డాయి. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఉత్తర్వు ఇచ్చినా పూర్తిగా అదుపులోకి రాలేదు. చివరికి 2005లో అటవీ సర్వీసు నిబంధన తిరగేసింది. అంతకుముందు చాలాచోట్ల ‘మూశాం’ అని బోర్డు లేకపోతే తెరిచి ఉన్నట్టే. ఇప్పుడు మ్యాపులో గీత లేకపోతే మూసినట్టే. గొడవలు ఆగాయని కాదు, మ్యాపుల మీద కోర్టుకెక్కినవారూ ఉన్నారు. కాకపోతే ఆ కొట్లాట ఫలానా బాట మీద జరుగుతుంది. మన దగ్గర ఏ బాట తెరిచి ఉందో, ఏది మూశారో మామూలు జనానికి తెలిసే వీలే లేదు.

శేషాచలం సంగతి వేరే. అక్కడ శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానం 1989 నుంచి ఉంది. అందులో వ్యాపారానికి చెట్టు కొట్టే ప్రసక్తే లేదు. వేలానికొచ్చే ఎర్రచందనం చాలామటుకు పట్టుబడ్డ సరుకే. అక్కడ సరదా బండికి చోటు లేదన్నది మా మాట. నిప్పు ఆర్పే జీపు, గస్తీ జీపు తప్ప ఇంకో చక్రం అక్కర్లేదు. రాజీకి వీలున్నది ఉద్యానం బయట, పెంపకం తోటల్లోనే.

అక్కడైనా టైరు ఏం చేస్తుందో కళ్లారా చూడాలి. కోత అయ్యాక జామాయిల్ మోడు చుట్టూ పిలకలు లేస్తాయి. తర్వాతి కోత ఆ పిలకలే. జానెడు ఎత్తున్నప్పుడు చక్రం ఎక్కితే ఆ మోడు మీద ఆశ వదులుకోవాల్సిందే. నేల సంగతి ఇంకా ఘోరం. బండ్లు తొక్కిన ఎర్రమట్టి గట్టిపడి నీటిని ఇంకనివ్వదు. టైరు జాడలో చేరిన వాననీరు పల్లానికి పరుగెత్తుతుంది, ఒక్క సీజన్లో జాడ కాస్తా మోకాలి లోతు గండి అవుతుంది. కొట్టుకొచ్చిన మట్టి కింది చెరువులో మేట వేస్తుంది. పూడిక తీయడానికి మళ్లీ ప్రభుత్వ డబ్బే.

కాలం కూడా చూడాలి. ఫిబ్రవరి నుంచి మే దాకా నిప్పు భయం, ఎండిన బోదగడ్డి మీద కాలే సైలెన్సర్ చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు. రెండూ తీసేస్తే మిగిలేది ఏడాదిలో సగం కూడా కాదు. బండ్లవారికి ఇది రుచించదు. అయినా ఆ మిగిలిన నెలల్లో, గుర్తుపెట్టిన ఒకటి రెండు బాటల్లో, డబ్బు కట్టించుకుని వదిలితే తప్పులేదు. బొత్తిగా వద్దంటే దొంగచాటుగా దూరతారు, వాళ్ల వెంట పరుగెత్తడానికి బీట్ ఆఫీసరుకు ఉన్నవి రెండు కాళ్లే.

పని టెండరు కాగితం దగ్గరే మొదలవ్వాలి. ఏ కూపు కొడతారో రాసినట్టే, కోత తర్వాత ఏ బాట మూస్తారో కూడా అందులో రాయాలి. అడ్డంగా కందకం తవ్వి చూపించేదాకా కాంట్రాక్టరు డిపాజిట్ వెనక్కి ఇవ్వకూడదు. తెరిచిన బాటల మ్యాపు రేంజి ఆఫీసు గోడ మీద తెలుగుతో పాటు తమిళంలో, కన్నడంలో ఉండాలి. బాట గేటును పక్క ఊరి వన సంరక్షణ సమితికి అప్పగించి, టికెట్ డబ్బులో వాటా ఆ ఊరికే ఇవ్వాలి. సాయంత్రం తాళం ఎవరు వేశారో, పొద్దున ఎవరు తీశారో రిజిస్టరులో సంతకం ఉండాలి.