ఫుల్ సిగ్నల్ ఉంది కదా, మళ్ళీ నెట్ ఎందుకండీ?

హోటల్ వైఫైని తిట్టనివాళ్ళు లేరు. గదిలోకొచ్చి బ్యాగు కింద పెట్టకముందే ఫోన్ పైకెత్తి పట్టుకుని, కిటికీ దగ్గరికోసారి తలుపు దగ్గరికోసారి తిరిగి, చివరికి రిసెప్షన్‌కి ఫోన్ చేసి "ఏంటండీ మీ వైఫై" అని మొదలుపెడతారు. కొన్నేళ్ళు హోటళ్ళకి ఈ వైఫై బిగించే పని చేసినవాడిగా, ఆ పాపంలో నాకూ వాటా ఉన్నవాడిగా, అవతలి పక్షాన ఒక్కడైనా మాట్లాడాలి కదా అని ఇది రాస్తున్నా. అసలు హోటల్ మీకిస్తానన్నది ఏంటి? బయట బోర్డు మళ్ళీ చూడండి. ఒక చుక్క, దాని మీద మూడు వంకర గీతలు. ఆ బొమ్మ మీ ఫోన్‌లోకి వచ్చిందా? వచ్చింది. నిండుగా వచ్చిందా? వచ్చింది. మరి మాట తప్పిందెక్కడ? ఆ గీతల వెనకాల ఇంటర్నెట్ కూడా ఉంటుందని మీకు మీరే అనేసుకుంటే దానికి హోటల్ ఏం చేస్తుంది.

నన్ను పిలిచిన ఓనర్లలో "ఒకేసారి ఎంతమంది వాడతారు, రాత్రిపూట ఎంత లోడ్ ఉంటుంది" అని అడిగినవాళ్ళు నాకు గుర్తున్నంతవరకు ఇద్దరు. మిగతా అందరిదీ ఒకటే మాట, "ప్రతి గదిలో ఫుల్ సిగ్నల్ కనపడాలయ్యా, అంతే". సరే, కనపడటానికి యాక్సెస్ పాయింట్లు కావాలి, అంటే సీలింగుకి తగిలించే ఆ తెల్ల పళ్ళేలు. వాటిని గదుల్లో పెట్టాలంటే గదిగదికీ కేబుల్ లాగాలి, గది ఖాళీ అయ్యేదాకా ఆగాలి, గోడ తొలవాలి, మళ్ళీ రంగు వెయ్యాలి. కారిడార్‌లో అయితే ఫాల్స్ సీలింగ్ ఎత్తామా, వైరు తోశామా, టీ తాగామా, అయిపోయింది. కాబట్టి కారిడార్.

ఇప్పుడు హోటల్ గది ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. తలుపు తియ్యగానే పక్కన బాత్‌రూం, అది దాటాక ఎక్కడో మంచం. అంటే సిగ్నల్ మంచం దాకా రావాలంటే మంటలొచ్చినా నిలబడేలా చేసిన బరువు తలుపో, బాత్‌రూం టైల్సో, నీళ్ళ పైపులో, వెనక లోహం పూత ఉన్న పెద్ద అద్దమో దాటుకుని రావాలి. అన్నీ దాటి వచ్చేసరికి దానికి ఒంట్లో ఓపికుండదు. అదే కారిడార్‌లో అయితే అడ్డేమీ లేదు, పొడుగాటి గొట్టంలో నీళ్ళు పారినట్టు పారుతుంది. లిఫ్ట్ కోసం నిలబడ్డవాడికి దొరికే స్పీడు గదికి డబ్బు కట్టి పడుకున్నవాడికి దొరకదు. ఇది లోపం అనుకుంటారు గానీ, రోజంతా ప్రయాణం చేసొచ్చి కాళ్ళు పట్టేసిన మనిషిని అర్ధరాత్రి లేపి నడిపించే ఏర్పాటు ఇంకే వ్యాపారంలో ఉంది చెప్పండి.

పైగా ఆ గొట్టంలో పళ్ళేలన్నీ ఒకదాన్నొకటి చూసుకుంటూ వేలాడుతుంటాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోదగ్గ ఛానెళ్ళు మూడే మూడు, 1, 6, 11. ఫ్లోర్‌కి ఎనిమిది పళ్ళేలు పెడితే ఎనిమిదీ ఆ మూడిట్లోనే సర్దుకోవాలి, ఒకటి మాట్లాడుతుంటే అదే ఛానెల్లో ఉన్న మిగతావి నోరు మూసుకుని ఆగాలి. (5 గిగాహెర్ట్జ్‌లో ఛానెళ్ళు ఎక్కువే, కానీ అది గోడ కనపడితే నీరసపడిపోయే రకం.) స్లోగా ఉందని కంప్లైంట్ వస్తే ఏం చేస్తాం? ఇంకో రెండు పళ్ళేలు తగిలిస్తాం. ఇంకా స్లో అయితే? అన్నిటి పవర్ చివరికంటా పెంచుతాం.

పవర్ పెంచడం వెనక ఉన్న శాస్త్రం గొప్పది, కాస్త ఓపిగ్గా వినండి. మీ ఫోన్‌లో గీతలు చెప్పేది ఒక్కటే, పళ్ళెం గొంతు ఫోన్‌కి ఎంత గట్టిగా వినపడుతోంది అని. ఫోన్ గొంతు పళ్ళేనికి వినపడుతోందా లేదా అన్నది ఆ గీతల్లో ఉండదు. పళ్ళేనికి కరెంటుంది, ఎంతైనా అరుస్తుంది. ఫోన్‌ది బ్యాటరీ బతుకు, గొణుగుతుంది. మైకు ముందున్న నాయకుడు చెప్పేది చివరి వరసలో ముసలాయనకి చెవులు పగిలేలా వినపడుతుంది, ముసలాయన అడిగేది మాత్రం నాయకుడి దాకా చేరదు, అచ్చం అదే. ఫుల్ గీతలు, సున్నా నెట్ అంటే అది మాయ కాదు, మేం కష్టపడి పవర్ పెంచి సాధించినది.

ఇల్లు అలకగానే పండగ కాదు కదా, ఇప్పుడు ఫోన్‌కి ఒక ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాని చిరునామా, ఇవ్వాలి. డబ్బాతో వచ్చిన సెట్టింగ్ ముట్టుకోకుండా వదిలేస్తే చాలా చోట్ల చేతిలో ఉండేవి 254 అడ్రస్‌లు, అందులో ఒకటి గేట్‌వేకే (హోటల్ నెట్‌వర్క్‌ని బయటి ఇంటర్నెట్‌తో కలిపే పెట్టె) పోతుంది. 120 గదులు, గదికి ఇద్దరు, ఇద్దరికీ ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్, ఒక వాచీ... లెక్క మీరే వేసుకోండి, సాయంత్రం ఏడింటికే పూర్ణం. అడ్రస్‌ని ఎంతసేపు ఇచ్చామో దాన్ని లీజు అంటారు. విండోస్ సర్వర్‌లో డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచిపెట్టే ఏర్పాటు) లీజు మామూలుగా 8 రోజులు. ఆఫీసులో రోజూ అదే మనుషులు వస్తారు కాబట్టి అక్కడ అది బాగానే ఉంటుంది, దాన్నే తెచ్చి హోటల్లో పెడితే మనిషి పొద్దున్నే గది ఖాళీ చేసి వెళ్ళిపోతాడు, ఆయన ఫోన్ తీసుకున్న అడ్రస్ మాత్రం ఇంకో వారం హాయిగా ఉంటుంది, ఒక్క పైసా కట్టకుండా. కొత్తగా వచ్చినవాడికి గది ఉంది, తాళం ఉంది, తువ్వాలుంది, అడ్రస్ లేదు. రిసెప్షన్‌లో అమ్మాయి పాపం "సార్, ఒకసారి వైఫై ఆఫ్ చేసి ఆన్ చేయండి" అంటుంది. ఆవిడకి మేం నేర్పించిన వైద్యం అదొక్కటే.

అడ్రస్ దొరికిన అదృష్టవంతుడు ఇక లాగిన్ పేజీ ముందు నిలబడాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఆ పూజారి పేరే క్యాప్టివ్ పోర్టల్. ఇది పనిచేసే విధానం వింటే మీకు గౌరవం పెరుగుతుంది. మీరు ఏదో వెబ్‌సైట్ అడుగుతారు, మధ్యలో గేట్‌వే మీ అభ్యర్థనని పట్టుకుని, "నేనే ఆ వెబ్‌సైట్‌ని" అని చెప్పి హోటల్ పేజీ చూపిస్తుంది. సైట్లన్నీ తాళం లేని హెచ్‌టీటీపీలో ఉన్న రోజుల్లో ఈ వేషం సాగింది. ఇప్పుడు తాళం ఉన్న హెచ్‌టీటీపీఎస్ వచ్చి, నువ్వే ఆ సైట్‌వని రుజువు చేసే సర్టిఫికెట్ చూపించమంటుంది, పోర్టల్ దగ్గర అది ఉండదు, బ్రౌజర్ ఎర్రగా మొహం పెట్టి "మీ సమాచారం ఎవరో దొంగిలించబోతున్నారు" అని అరుస్తుంది. దొంగ ఎవరో కాదండీ, లాగిన్ పేజీయే.

అందుకే ఫోన్లు ముందే ఒక పరీక్ష పెట్టుకుంటాయి. ఐఫోన్ ఆపిల్ వాళ్ళ చిన్న పేజీ ఒకటి అడిగి అందులో "సక్సెస్" అన్న మాట ఉందా అని చూస్తుంది. ఆండ్రాయిడ్ అయితే ఇంకా సాధువు, గూగుల్ అడ్రస్ ఒకటి అడిగి 204 అనే జవాబు కోసం ఎదురుచూస్తుంది. 204 అంటే "పని అయింది, ఇవ్వడానికి ఏమీ లేదు" అని. అంటే ఆ ఫోన్ ఇంటర్నెట్‌ని అడిగేది శూన్యం. శూన్యం వస్తే చాలు, నెట్ ఉన్నట్టే అని సంతోషపడుతుంది. ఆ శూన్యాన్ని కూడా మధ్యలో ఆపి, దాని బదులు స్విమ్మింగ్ పూల్ ఫోటో పంపించే ఘనత మాది. ఈ వేషాలన్నీ లేకుండా, అడ్రస్‌తో పాటే లాగిన్ పేజీ ఎక్కడుందో ఫోన్‌కి నేరుగా చెప్పే పద్ధతి 2015లోనే ఆర్ఎఫ్‌సీగా (ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే పత్రం) రాశారు, 2020లో ఆర్ఎఫ్‌సీ 8910గా దాన్ని బాగు చేశారు కూడా. నేను చూసిన పెట్టెల్లో ఎవరూ ఆ టిక్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు, ఎవరూ అడగలేదు మరి.

లాగిన్ అయ్యాక "గదికి రెండు డివైజ్‌లే" అన్న నియమం ఉంటుంది. న్యాయమే. కాకపోతే మేం లాబీకి ఒక పేరు, ఫ్లోర్‌కి ఒక పేరు, రెస్టారెంట్‌కి ఒక పేరు పెట్టి ఉంటాం, ముచ్చటగా. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫై పేరుకి ఒక్కో వేరే మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ ఫోన్‌ని గుర్తుపట్టే నంబరు) చూపిస్తాయి, వెంటపడేవాళ్ళు గుర్తుపట్టకుండా. దాంతో లాబీలో లాగిన్ అయిన మీరు గదికి చేరేసరికి రెండో మనిషి, రెస్టారెంట్‌కి దిగితే మూడో మనిషి. ఒంటరిగా వచ్చిన మనిషికి "మీ గదిలో డివైజ్‌లు ఎక్కువయ్యాయి" అని మెసేజ్ వస్తుంది, ఆయన మంచం కింద కూడా చూసుకుంటాడు.

ఇక సెక్యూరిటీ. యూజర్ నేమ్ గది నంబరు, పాస్‌వర్డ్ ఇంటిపేరు. గది నంబరు తలుపు మీద ఇత్తడి అంకెల్లో రాసుంటుంది, ఇంటిపేరు మీ బ్యాగు ట్యాగ్ మీద. ఇంతకన్నా పారదర్శకమైన పాలన ఎక్కడైనా ఉందా? 2014 నవంబర్‌లో కంప్యూటర్ భద్రత చూసే కంపెనీ కాస్పర్‌స్కీ వాళ్ళు డార్క్‌హోటల్ అని ఒక ముఠా పని బయటపెట్టారు. పెద్ద కంపెనీల అధికారులు ఖరీదైన హోటళ్ళలో దిగి వైఫైలో లాగిన్ అవ్వగానే, ఫలానా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసుకోండి అని ఒక కబురు వచ్చేదట, నొక్కితే గూఢచారి ప్రోగ్రాం ఎక్కేది. అది చదివి నాకు కోపం కన్నా ఈర్ష్య ఎక్కువ వచ్చింది, ఆ నెట్‌వర్క్‌లో వాళ్ళ ఫైల్ మాత్రం పూర్తిగా డౌన్‌లోడ్ అయిందన్నమాట. ఒక గది డివైజ్ ఇంకో గది డివైజ్‌కి కనపడకుండా చేసే ఐసోలేషన్ అనేది ఒకటుంటుంది. ఆన్ చేస్తే మీ ఫోన్‌లో వీడియో మీ గది టీవీలో రాదు, ఆఫ్ చేస్తే పక్కగదివాళ్ళ వీడియో వస్తుంది. ఓనర్ ఏది కంప్లైంట్ అని ముందు విన్నాడో దాన్ని బట్టి సెట్టింగ్.

షరతులు అంగీకరిస్తున్నాను అన్న డబ్బా గురించి మీరు మాట్లాడకపోతేనే మంచిది. 2017లో పర్పుల్ అనే బ్రిటన్ వైఫై కంపెనీ తన ఉచిత వైఫై షరతుల్లో వెయ్యి గంటల సమాజసేవ అని రాసింది, అందులో మొబైల్ మరుగుదొడ్లు కడగడం, నత్తగుల్లలకి రంగులెయ్యడం కూడా ఉన్నాయి. రెండు వారాల్లో 22 వేల మందికి పైగా ఒప్పుకున్నారు, గమనించింది ఒక్కరు. అంటే జనం మరుగుదొడ్డి కడగడానికైనా సిద్ధమే, పేజీ ముందుకి కదిలితే చాలు.

కృతజ్ఞత లేని అతిథులు కొందరు సొంత హాట్‌స్పాట్ పెట్టుకుంటారు. దీనికీ మందు కనిపెట్టారు మా వాళ్ళు. అమెరికాలో నాష్‌విల్‌లో మారియట్ నడిపే ఒక పెద్ద కన్వెన్షన్ హోటల్లో, వచ్చినవాళ్ళ సొంత హాట్‌స్పాట్‌ల కనెక్షన్‌ని గాల్లోనే తెంచే సిగ్నళ్ళు పంపేవారు, అదే సమయంలో స్టాళ్ళవాళ్ళకి హోటల్ వైఫై ఒక్కో డివైజ్‌కి 250 నుంచి 1000 డాలర్లు. 2014లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 6 లక్షల డాలర్ల జరిమానా కట్టించింది. అతిథులని దొంగ హాట్‌స్పాట్‌ల నుంచి కాపాడటానికే చేశామన్నారు వాళ్ళు. నేను నమ్ముతాను. ఆ మొత్తం కథలో అతిథి దాకా సరిగ్గా చేరిన సిగ్నల్ తెంచడానికి పంపినదొక్కటే అయినా సరే.

నేను చివరగా వెళ్ళిన కంప్లైంట్ ఒకటి చెప్తా. మూడో ఫ్లోర్ మొత్తానికి నెట్ లేదని పిలిచారు. రాత్రి పదకొండు, కారిడార్‌లో పళ్ళెం కింద కార్పెట్ మీద ఐదారుగురు గోడకి ఆనుకుని కూర్చున్నారు, ఒకాయన లుంగీలో ఆఫీసు మీటింగ్‌లో ఉన్నారు, కెమెరా ఆఫ్. నేను వాళ్ళ మధ్య చోటు చూసుకుని కూర్చుని, ల్యాప్‌టాప్ తీసి, నా ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి, నాకు నమ్మకమున్నది అదొక్కటే కాబట్టి, పళ్ళేలన్నిటి పరిస్థితి చూపించే కంట్రోలర్ డాష్‌బోర్డ్ తెరిచాను. అన్నీ పచ్చగా ఉన్నాయి. ప్రతి పళ్ళెం పచ్చ, ప్రతి గది ఫుల్ సిగ్నల్. టికెట్‌లో "సమస్య కనపడలేదు" అని రాసి క్లోజ్ చేసి కిందికి దిగాను. ఓనర్ గుమ్మం బయట నిలబడి పైకి చూస్తున్నారు, నిజంగా ఆందోళనగా ఉన్నారు.

"ఏమయ్యా, మంచి టైముకి దొరికావు, బోర్డు మీద వైఫై బొమ్మ చూడు, పై గీత వెలగట్లేదు, జనం ఏమనుకుంటారు?"

నిచ్చెన వేయించారు. ట్యూబ్ వదులైంది, బిగించాను, పది నిమిషాల పని.