కుక్కరు కూయరాదు

మా ఇంట్లో ఫ్రిజ్జు తలుపు మీద ఒక ప్రకటన వెలిసి పదహారు నెలలైంది. అచ్చు వేసిన కాగితం, నాలుగు మూలలా నాలుగు అయస్కాంతాలు. "మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 11 వరకు కుక్కర్, మిక్సీ వద్దు. ప్లీజ్" అని రాసి ఉంటుంది. కింద సంతకం లేదు, ముద్ర లేదు. అయినా ముప్పై మూడేళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టినవాణ్ణి, జీవోని చూస్తే పోల్చుకోలేనా? జారీ చేసినవారు మా రెండో అబ్బాయి. వారి కార్యాలయం మా మేడమీద గది. పేరుకి వాడు ఇంటినుంచి పని చేస్తున్నాడు. నిజానికి మేమే ఆఫీసులో కాపరం చేస్తున్నాం.

ఇలాంటి అధికారుల్ని కన్నవాళ్లు ఈపాటికి విజయనగరంలో వీధికి నలుగురున్నారు కాబట్టి వర్ణన అనవసరం. మూసిన తలుపు, దాని సందులోంచి ఏసీ చలి, లోపల్నించి "కెన్ యూ హియర్ మీ" అనే జపం. వినబడుతోంది నాయనా. కంటోన్మెంటు దాకా వినబడుతోంది. కాల్‌లో అవతలున్న ఆ లండన్‌వాడికే వినబడుతున్నట్టు లేదు.

కందిపప్పుకి మూడు కూతలు. పప్పు పాతదైతే నాలుగు. ఇది మా ఆవిడ లెక్క. ఆ లెక్క మీదే మా ఇల్లు నడిచేది. మొదటి కూతకి నేను పేపరు మడిచేవాణ్ణి. రెండో కూతకి పిల్లలు కాళ్లు కడుక్కునేవాళ్లు. మూడోది రాగానే పెరట్లో ఎక్కడున్నా మా అమ్మ "పొయ్యి కట్టీ కోడలా" అని కేక పెట్టేది. ఇప్పుడు ఆ కూతకి కంపెనీవారు బ్యాక్‌గ్రౌండ్ నాయిస్ అని నామకరణం చేశారు. వెనకాల గోల, అని తెలుగు. మా పప్పు ఉడకడం గోల. దానితోపాటు పోపు చిటపట గోల, పెరటి తలుపు గడియ గోల, మా ఆడపడుచు నవ్వు మహా గోల. ఆవిడ నవ్వినప్పుడు లండన్‌లో ఎవరో ఉలిక్కిపడ్డారట. అందుకని రాత్రి పప్పు గిన్నెలో పెట్టి, మూత వేసి, గంటసేపు గరిటె తిప్పుతూ ఉడికిస్తోంది మా ఆవిడ. నెలన్నర వచ్చే గ్యాసు బండ నెల తిరక్కుండా చేతులెత్తేస్తోంది.

సాయంత్రం దీపం పెట్టే వేళకి లండన్‌లో మిట్టమధ్యాహ్నం. మీటింగులు మంచి కాక మీద ఉండే సమయం. కాబట్టి దేవుడి గంట నాలుకకి మా ఆవిడ పాత జాకెట్టు గుడ్డ చుట్టి దారంతో కట్టింది. ఇప్పుడు దాన్ని ఊపితే టక్కుటక్కుమంటుంది, కుంటి గుర్రం నడిచినట్టు. హారతి కళ్లకద్దుకుంటూ, "స్వామికి వినబడుతోందంటావా?" అని అడిగాను.

"ఆయన సర్దుకుంటాడు లెండి. వాడి మేనేజరే సర్దుకోడు" అంది.

మా ఇంటికి పనికి వచ్చే మనిషి మొదటి వారంలోనే నన్ను వీధిలోకి పిలిచి గొంతు తగ్గించి అడిగింది. "బాబూ, సినబాబు గదిలో ఒక్కడే మాటాడేసుకుంతన్నాడు. మద్దిమద్దిన నవ్వుతన్నాడు. గాలేటైనా తగిలినాదేటి?" అలాంటిదేమీ లేదు, ఉద్యోగం అన్నాను. ఆమె నమ్మలేదు. "ఇంగిలీసులో మాటాడతన్నాడు బాబూ. ఇది మన గాలి కాదు, దొరగాలి. పైడితల్లమ్మకి సీర మొక్కీసుకోండి." ఆ గది గుమ్మం దగ్గర తుడవాల్సి వస్తే ఆమె ఇప్పటికీ ముందు దండం పెట్టుకుంటుంది. మొత్తం వ్యవహారాన్ని సరిగ్గా అర్థం చేసుకున్నది మా ఇంట్లో ఆమె ఒక్కతేనని నా అభిప్రాయం.

మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేశాడు. కూత అంటే ఏమిటో నేను అక్కడ నేర్చుకున్నాను. ఆ కూతకి చంపావతి ఒడ్డున ఆడుకునే పిల్లలం కూడా ఇంటిదారి పట్టేవాళ్లం. షిఫ్టు దిగి నాన్న జుట్టునిండా గోగునార పీచుతో వచ్చేవాడు, ఒక్కరోజులో ముసలివాడైపోయినట్టు. నూతి దగ్గర నాలుగు చేదల నీళ్లు కుమ్మరించుకుంటే మళ్లీ మా నాన్న అయ్యేవాడు. ఆ నీళ్లతో మిల్లు కాలవలోకి పోయేది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకి 9 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదంది. ఆ చట్టం ఎంత అమలైందన్నది వేరే సంగతి. మిల్లు మిల్లే, సుఖమైన చోటని నేననను. కానీ ఎంతటి మేనేజరైనా మా గడప తొక్కి, వంటింట్లోకి వచ్చి, "అమ్మా, పోపు కొంచెం మెల్లిగా పెట్టండి" అనలేదు. సాయంత్రం అరుగు మీద చుట్ట వెలిగించుకుని కూర్చుంటే అది మా నాన్న సమయం. పండగల్లో తప్పెటగుళ్లు వస్తే తెల్లవార్లూ చూసేవాడు. అందుకు ఆయన ఎవరి అనుమతీ అడగలేదు. దానికి వర్క్-లైఫ్ బ్యాలెన్సు అని పేరుందని కూడా ఆయనకి తెలియదు.

ఇప్పుడు వినోదం కూడా కంపెనీయే పెడుతోంది. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి అందరూ నవ్వాలి. మా వాడు నవ్వుతాడు. నాలుగున్నరకి ఆపేస్తాడు. మొన్న సంక్రాంతికి సంప్రదాయ దుస్తుల్లో కెమెరా ముందు కనబడమన్నారట. "అమ్మా, నాన్న ఉత్తరీయం ఎక్కడుంది?" అని వాడు గావుకేకలు పెడితే, మా ఆవిడ మురిసిపోయి అరిసెల మూకుడు దింపి మరీ వెతికి ఇచ్చింది. కొడుక్కి పండగ మీద మనసు పుట్టిందనుకుంది పిచ్చిది.

ఇక సిరిమాను సంగతి. ఇది రాయకపోతే నాకు నిద్రపట్టదు.

దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవమని మన జిల్లాలో పశువుల్ని అడిగినా చెబుతాయి. ఆ రోజు సెలవడిగితే మా వాడికి "మంగళవారం రిలీజ్ ఉంది" అన్నారట. మాకూ మంగళవారమే రిలీజు. అమ్మవారిది. సరే, మూడు లాంతర్ల దగ్గర మా తోడల్లుడి మేడ ఉంది, అందరం అక్కడికి చేరాం. మావాడు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చాడు. అదేమి చిత్రమో, లక్షలమంది జనం పోగయ్యేసరికి ఫోన్ల సిగ్నలు చచ్చి ఊరుకుంది. వీడు హాల్లో తిరిగాడు, మెట్ల మీద తిరిగాడు, ఆఖరికి మేడ మీద నీళ్ల ట్యాంకు దగ్గర రెండు గీతలు దొరికాయట. ట్యాంకు ఎక్కేశాడు. గోల వినబడకుండా తలమీంచి దుప్పటి కప్పుకున్నాడు. దుప్పట్లోంచి లాప్‌టాప్ వెలుగు.

కింద ఊరేగింపులో పాలధార వెళ్లింది. తెల్ల ఏనుగు వెళ్లింది. అంజలి రథం, జాలరి వల వెళ్లాయి. ఆ వెనక సిరిమాను. ఆ పొడుగాటి మాను చివర, ఎత్తున, పూజారి గారు విసనకర్రతో ఊగుతూ వస్తున్నారు. జనం అరటిపళ్లు విసురుతున్నారు. అప్పటికి ఆ వీధిలో ఆకాశంలో ఉన్నవాళ్లు ఇద్దరే, మాను మీద పూజారి గారు, ట్యాంకు మీద మా వాడు. సిరిమాను మా మేడకి ఎదురుగా వచ్చి ఒక్క క్షణం ఊగిసలాడింది. కింద ఎవరో కొత్తవాళ్లు, పక్క పల్లెలవాళ్లే అయ్యుంటారు, దుప్పటి కప్పుకుని వెలుగుతున్న ఈ రెండో మూర్తిని చూసి ఇదీ ఉత్సవంలో భాగమే అనుకున్నారు. దండాలు పెట్టారు. ఒకడు భక్తికొద్దీ అరటిపండు విసిరాడు. అది సరిగ్గా వెళ్లి కీబోర్డు మీద పడింది.

ఇంతలో బొబ్బిలినుంచి వచ్చిన మా పిన్ని నిచ్చెన కింద నిలబడింది. ఆవిడకి ఎనభై దాటాయి, చెవులు రెండూ వినబడవు. తనకి వినబడదు కాబట్టి లోకానికీ వినబడదని ఆవిడ నమ్మకం. "ఒరే! ఎవుల్రా పైన నీతో మాటాడీవోడు? ఆకలి మీద ఉన్నాడేమో! కిందకి రమ్మను, రెండు ముద్దలు తిని ఎల్తాడు!" ఆ పిలుపు లండన్ చేరింది. ఆ పెద్దమనిషి ఎంత మర్యాదస్తుడంటే, ఏమంటున్నారని అడిగి తెలుసుకుని, మీ నానమ్మగారికి థాంక్స్ చెప్పు, వెళ్లి పండగ చేసుకో అన్నాడట. చిరాకుపడ్డది ఎవరు? మనవాడే. బెంగళూరులో కూర్చున్న మన తెలుగు టీమ్ లీడే. "బ్రదర్, కొంచెం ప్రొఫెషనల్‌గా ఉందాం" అన్నాడట.

సిరిమాను కోటకీ గుడికీ మధ్య మూడుసార్లు తిరిగింది. మా వాడు ఒక్కసారీ చూడలేదు. ఆ రాత్రి ఫోన్లో వీడియో చూశాడు.

ఆ లండన్ దొర ఆగస్టులో రెండు వారాలు సెలవుపెట్టి ఎక్కడో సముద్రం ఒడ్డుకి పోయాడు. ఏదో అర్జంటు పని వస్తే, ఫోన్ చెయ్యరాదా అన్నాను. "ఛ, పాపం ఫ్యామిలీతో ఉన్నాడు నాన్నా, డిస్టర్బ్ చెయ్యకూడదు" అన్నాడు మా సుపుత్రుడు. నేను నోరు మూసుకున్నాను. మ్యూట్ అంటారు దాన్ని.

వాడి లాప్‌టాప్‌లో ఒక మీట ఉంది. నొక్కితే వెనకాల ఉన్నదంతా మసకబారిపోతుంది. ఒకరోజు తలుపు ఓరగా ఉంటే చూశాను. మా ఆవిడ కాఫీ పట్టుకుని లోపలికి వెళ్లింది. తెరమీద ఆవిడ లేదు. పొగ ఉంది. ఆ పొగలోంచి ఒక చెయ్యి, రెండు గాజులు, స్టీలు గ్లాసు వచ్చాయి. గ్లాసు బల్లమీద దిగింది. చెయ్యి మళ్లీ పొగలో కలిసిపోయింది. వాడు తల తిప్పలేదు.

పోనీ, అదీ నవ్వుకుందాం. కానీ కిందటేడు మాఘంలో మా అమ్మ పోయింది. వీణ్ణి పెంచింది ఆవిడే. మా ఆవిడ ఉద్యోగానికి వెళ్లినన్నాళ్లూ వీడికి అన్నం కలిపి పెట్టిందీ, వీడి జ్వరాలకి రాత్రిళ్లు కూర్చుందీ ఆవిడే. సెలవు అడిగితే కంపెనీవారు పాలసీ కాగితం పంపారు. ఆప్తులు పోతే మూడు రోజులు. ఆప్తులంటే తల్లి, తండ్రి, భార్య లేదా భర్త, పిల్లలు, తోబుట్టువులు. మామ్మ ఆ జాబితాలో లేదు. మామ్మ ఇమ్మీడియెట్ కాదట! ఎవడ్రా ఆ జాబితా రాసింది? వాడికి మామ్మ లేదా? వాడికి గోరుముద్దలు ఏ పాలసీ పెట్టింది? అన్న యుద్ధంలో పోయాడని విని ప్రాణం విడిచిందని చెప్పుకునే ఆడపడుచుని పైడితల్లిగా కొలుచుకునే ఊరు ఇది. 1757 నుంచి ఇన్ని తరాలుగా ఒక చెల్లెలి శోకాన్ని ఊరంతా మోస్తోంది. ఇక్కడికి వచ్చి, ఎవరికోసం ఎన్ని రోజులు ఏడవాలో వీళ్లు చెబుతారా?

పెద్దకర్మ నాడు పిండం పెట్టాం. కాకి ముట్టలేదు. అరగంటైంది. "మనవడు కనబడలేదని ముసిల్ది బెంగెట్టుకుంది" అన్నారెవరో. మనవడు మేడ మీద ఉన్నాడు, కాల్‌లో. నేను గుండుతో, తడిబట్టల్తో మెట్లెక్కి వెళ్లి ఆ తలుపు బాదాను. పదహారు నెలల్లో నేను ఆ తలుపు బాదడం అదొక్కసారే. వాడు దిగి వచ్చాడు, చెవిలో ఆ తెల్ల గింజ ఇంకా ఉంది. దండం పెట్టాడు. కాకి వచ్చింది. వాటిని నేను నమ్ముతానా లేదా అన్నది తర్వాతి మాట. కాకికున్న పాటి ఇంగితం ఆ కాగితం రాసినవాడికి లేదన్నదే నా మాట.

2023 అక్టోబరులో ఒక పెద్దాయన కుర్రాళ్లు వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025 జనవరికి ఇంకో చైర్మన్ గారు దాన్ని 90 చేశారు. ఇంట్లో కూర్చుని ఎంతసేపని పెళ్లాం మొహం చూస్తారు, అని కూడా అడిగారు. చెబుతాను. మా ఆవిడ మొహం నేను నలభై రెండేళ్లుగా చూస్తున్నాను, ఇంకా పూర్తవలేదు. పోతే, రాత్రి పదకొండింటికి కొడుకు మేడ దిగేదాకా తినకుండా, కంచం మీద కంచం బోర్లించి గోడకానుకుని కునుకుతీసే ఆ మొహం మాత్రం చూడలేకపోతున్నాను. ఆవిడ గంటలు ఏ చైర్మనూ లెక్కపెట్టలేదు. నిజం చెప్పాలంటే నేనూ లెక్కపెట్టలేదు, మొన్నటిదాకా.

అందుకని బిల్లు రాశాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? మేడమీద గది అద్దె, పదహారు నెలలకి. ఏసీ కరెంటు. రోజుకి నాలుగు కాఫీలు. గ్యాసు బండ తేడా. అరటిపండు వల్ల పాడైన కీబోర్డు బాధ్యత మాది కాదని ఒక గమనిక. గంట నాలుకకి గుడ్డ చుట్టినందుకు ఎంత వెయ్యాలో తెలియక ఆ గడి ఖాళీగా వదిలాను. కింద సంతకం చేసి, తేదీ వేసి, మా వాడి చేతిలో పెట్టాను, కంపెనీకి పంపమని.

వాడు చదివాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. మళ్లీ చదివాడు. కాఫీల దగ్గర ఆగాడు. "ఇలా కాగితం మీద పంపితే తీసుకోరు నాన్నా. టిక్కెట్ రైజ్ చెయ్యాలి" అన్నాడు.

ఎలా చెయ్యాలో అడగబోతుంటే వంటింట్లో మొదటి కూత వచ్చింది. ఇద్దరం గోడ గడియారం వంక చూశాం. రెండుకి ఏడు నిమిషాలుంది. "ఏవండీ, పప్పు పాతది" అని కేకేసింది లోపల్నించి.