రక్తంలోనే వ్యాకరణం

చార్లెస్ డికెన్స్ నవలలోని అనాథ పిల్లాడు ఆలివర్ ట్విస్ట్ అంబలి గిన్నె పట్టుకుని నిలబడ్డ బొమ్మ మీరూ చూసే ఉంటారు. జార్జ్ క్రూక్‌షాంక్ గీసింది. ఇంకొంచెం అంబలి అడిగినందుకు వర్క్‌హౌస్ (దిక్కులేనివాళ్లని ఉంచి పని చేయించే చోటు) మాస్టర్ కళ్లు తేలేశాడని అందరూ అంటారు. నేను నమ్మను. ఆయన్ని అదరగొట్టింది ఆ పిల్లాడి ఆకలి కాదు, ఇంగ్లీషు.

మీరే చూడండి. పుట్టింది వర్క్‌హౌస్‌లో. తల్లి అప్పుడే పోయింది. తొమ్మిదేళ్లు నిండేదాకా అనాథ పిల్లల్ని సాకే మిసెస్ మాన్ చేతికింద పస్తులు. వర్క్‌హౌస్ నడిపే బోర్డు పెద్దలు "చదువు చెప్పిస్తాం, పని నేర్పిస్తాం" అని హామీ ఇచ్చి, మర్నాడు పొద్దున్నే ఆరింటికి పాత తాళ్లు విప్పి పీచు తీసే పనిలో కూర్చోబెట్టారు. మరి వీడికి అంత చక్కటి భాష నేర్పిందెవరు? పారిష్ అధికారి బంబుల్ గారా? ఆయన సొంత ఉద్యోగానికి సంబంధించిన 'పరోకియల్' (పారిష్‌కి చెందిన) అనే మాటే పలకలేక 'పొరోకియల్' అంటాడు. నోవా క్లేపోలా? అతనేమో ధర్మబడి పిల్లాడు, వర్క్‌హౌస్‌ని 'వర్కస్' అంటాడు. బడి మొహం చూసినవాడికి నోరు తిరగదు, చూడనివాడు పార్లమెంటులో ప్రసంగించొచ్చు!

తర్వాత లండన్. దొంగల గూటికి చేరాడు. పొద్దస్తమానం చుట్టూ దొంగల యాస, తిట్లు, పైపుల పొగ. పొగ కోటుకి పట్టిందేమో గానీ యాస మాత్రం ఒక్క ముక్క నాలుకకి పట్టలేదు. కొట్టినా, తిట్టినా, కిటికీలోంచి దూర్చి దొంగతనానికి తోసినా వాక్యం తప్పలేదు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు, ఈ పువ్వు పుట్టగానే వ్యాకరణం వల్లించింది.

1837లో మొదలైన సీరియల్ 1839లో ముగిసేసరికి డికెన్స్ గుట్టు విప్పారు. తండ్రి డబ్బున్న పెద్దమనిషట. అదీ సంగతి! డిక్ అనే అనాథ కూడా శుభ్రంగానే మాట్లాడతాడు కదా అంటారేమో. అవును, అందుకే వాణ్ణి కథలో చంపేశారు. పేదపిల్లాడికి మంచి భాష రావాలంటే తండ్రైనా ఉన్నవాడై ఉండాలి, వాడైనా త్వరగా పోవాలి. ఈ చవక పద్ధతి తెలియకే కాబోలు, ఇంగ్లండులో 1870లో చట్టం చేసి మరీ ఊరూరా బోర్డు బడులు కట్టించుకున్నారు.

జాక్ డాకిన్స్ మాటకొస్తే నాకు నవ్వు రాదు. ఆలివర్‌ని లండన్ తీసుకొచ్చిన జేబుదొంగ పిల్లాడు, ఆర్ట్‌ఫుల్ డాడ్జర్ వాడే. చప్పిడి ముక్కు, దొడ్డికాళ్లు, మడమల దాకా వేలాడే పెద్దవాళ్ల కోటు. కోర్టు బోనులో నిలబడి, మా లాయరు ఇవాళ కామన్స్ సభ ఉపాధ్యక్షుడితో టిఫిన్ చేస్తున్నాడని మేజిస్ట్రేటు ముందు దబాయించాడు. ఆ నవలలో అంత తెలివి ఇంకెవరికుంది? వాణ్ణి ఓడెక్కించి ద్వీపాంతరం పంపేశారు. బడికి పంపుదామని ఒక్క పెద్దమనిషికీ తోచలేదు. ఆలివర్‌కి మాత్రం వాణ్ణి చేరదీసిన బ్రౌన్‌లో గారి పుస్తకాల గది!

ఇదంతా రాసినాయన కష్టం తెలియనివాడా? 1824లో తండ్రి అప్పుల జైల్లో ఉంటే, పన్నెండేళ్ల డికెన్స్ బూటుపాలిష్ ఫ్యాక్టరీలో పాలిష్ జాడీలకి కాగితాలు చుట్టాడు. తోటి పిల్లలు 'చిన్న దొరగారు' అని పిలిచేవారు. వాళ్లతో కలిసి పనిచేయాల్సి వచ్చిందన్న అవమానం ఆయన్ని ఎన్నేళ్లయినా వదల్లేదు. మొదటిరోజు తాడు ముడి వేయడం నేర్పిందీ, పక్కలో నొప్పి వస్తే ఖాళీ సీసాల్లో వేడినీళ్లు పోసి కాపడం పెట్టిందీ ఆ పిల్లల్లో ఒకడే, బాబ్ ఫాగిన్. ఆ ఇంటిపేరునే తీసుకెళ్లి దొంగల గురువుకి తగిలించి, చివర్లో ఉరి తీయించారు.